కొత్త మోడల్ వస్తే పాత సైకిల్ ఉన్నవారికి కోపం ఎందుకు?

క్లుప్తంగా: ఏ సైకిల్ కంపెనీ కొత్త సంవత్సరపు మోడళ్లు ప్రకటించినా సైక్లిస్టుల నుంచి ముందుగా వచ్చేది చాలాసార్లు విసుగే. పైకి రంగు, ధర, బరువు గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తుంది. లోపల నడిచే గొడవ మాత్రం విడిభాగాల కొలతలది. కొత్త కొలత వచ్చిన ప్రతిసారీ ఇంట్లో ఉన్న సైకిల్‌కి సామాను దొరికే రోజులు కొంత తగ్గుతాయి. గత రెండు దశాబ్దాల్లో ఇలాంటి ఫిర్యాదులు కొన్ని తప్పని తేలాయి, కొన్ని అక్షరాలా నిజమయ్యాయి. మార్పు వల్ల కలిగే లాభం తొక్కేవారికి చేరుతోందా, ఫ్యాక్టరీలోనే ఆగిపోతోందా అని చూస్తే ఈ రెండు రకాలకూ తేడా తెలుస్తుంది.

"కొత్తొక వింత, పాతొక రోత" అన్న సామెత సైకిళ్ల దగ్గర తిరగబడుతుంది. కొత్త మోడళ్లు బయటికి వచ్చిన రోజున గట్టిగా మాట్లాడేవారిలో చాలామంది వాటిని కొనబోయేవారు కాదు. రెండేళ్ల కిందటో, ఐదేళ్ల కిందటో అదే కంపెనీ సైకిల్ కొన్నవారు. కొనే ఉద్దేశం లేనివారికి అంత పట్టింపు ఎందుకన్న ప్రశ్నకు జవాబు మనస్తత్వంలో కొంత ఉంది. చేతిలో ఉన్నది పోతే కలిగే బాధ, అంతే విలువైనది కొత్తగా వస్తే కలిగే సంతోషం కంటే ఎక్కువని మనస్తత్వ శాస్త్రవేత్తలు కానెమన్, ట్వర్‌స్కీ 1979లోనే ప్రతిపాదించారు. కానీ దాన్ని కేవలం మనస్తత్వంగా కొట్టిపారేస్తే పొరపాటే. సైకిల్ యజమాని నిజంగానే కొంత పోగొట్టుకుంటున్నాడు.

క్యాలెండర్ ముందు నడిచే వ్యాపారం

సైకిళ్లలో "మోడల్ ఇయర్" అనేది క్యాలెండర్ కంటే కొన్ని నెలలు ముందు నడుస్తుంది. చాలాకాలం పాటు పరిశ్రమ మొత్తం వేసవి చివర జరిగే ప్రదర్శనల చుట్టూ తిరిగింది. జర్మనీలోని ఫ్రీడ్రిక్స్‌హాఫెన్‌లో 1991లో మొదలైన యూరోబైక్, అమెరికాలో ఏళ్ల తరబడి లాస్ వేగాస్‌లో జరిగిన ఇంటర్‌బైక్ వాటిలో ముఖ్యమైనవి. డీలర్లు అక్కడ వచ్చే ఏడాది సైకిళ్లు చూసి ముందుగానే ఆర్డర్లు ఇచ్చేవారు. ఆ ఆర్డర్లను బట్టి ఫ్యాక్టరీలు విడిభాగాలు తెప్పించుకునేవి. అందువల్ల జూన్‌లో కొన్న సైకిల్ సెప్టెంబరుకల్లా "పోయిన ఏడాది మోడల్" అయిపోయేది. తొక్కింది మూడు నెలలే, వయసు మాత్రం ఏడాది.

ఏటా కొత్త ఫ్రేమ్ తయారుచేయడం ఏ కంపెనీకీ సాధ్యం కాదు. కార్బన్ ఫ్రేమ్‌కి ప్రతి సైజుకీ విడిగా అచ్చు కావాలి, అది ఖరీదైన పని. కాబట్టి ఒక ఫ్రేమ్ మూడు నాలుగేళ్లు నడుస్తుంది, మధ్య సంవత్సరాల్లో రంగులూ కొన్ని విడిభాగాలూ మారతాయి. రంగు మార్చి కొత్తదంటున్నారన్న ఎగతాళి ఇక్కడి నుంచే పుట్టింది. నిజానికి సైకిల్ యజమానికి అన్నింటికంటే మేలు చేసేది ఈ రంగు మార్పు సంవత్సరమే. అతని సైకిల్ ఇంకా ప్రస్తుత మోడలే, సామానుకి లోటు ఉండదు. ఎగతాళి చేసేవారు ఇది గమనించరు.

ఈ పద్ధతి మెల్లగా సడలుతోంది. ఇంటర్‌బైక్ 2018తో ఆగిపోయింది. యూరోబైక్ 2022లో ఫ్రాంక్‌ఫర్ట్‌కి మారి, నెల కూడా మార్చుకుంది. ట్రెక్ లాంటి కంపెనీలు సంవత్సరం అంకెకు బదులు "జెన్ 7", "జెన్ 8" అని తరాల లెక్కన పేర్లు పెడుతున్నాయి. కారణం తేలికే. సైకిల్ మీద సంవత్సరం రాసి ఉండకపోతే గోడౌన్‌లో ఉన్న సరుకు రాత్రికి రాత్రి పాతబడదు.

తిట్లు ఒకరికి, నిర్ణయం ఇంకొకరిది

ఫ్రేమ్ మీద పేరున్న కంపెనీ సైకిల్ మొత్తాన్నీ తయారు చేయదు. గేర్లు, బ్రేకులు, చైన్, క్రాంక్ అన్నీ కలిపిన గ్రూప్‌సెట్ ఎక్కువగా మూడు చోట్ల నుంచి వస్తుంది: జపాన్‌లోని షిమానో, అమెరికాలోని స్రామ్, ఇటలీలోని కాంపన్యోలో. ఈ మూడింటిలో ఒకటి దారి మారితే డజన్ల కొద్దీ సైకిల్ కంపెనీల మోడళ్లు ఒకేసారి మారిపోతాయి.

2021లో జరిగింది ఇదే. ఆ ఏడాది షిమానో తన పై రెండు రోడ్ గ్రూప్‌సెట్లు డ్యూరా-ఏస్, అల్టెగ్రాలను పన్నెండు గేర్లతో కొత్తగా తెచ్చింది. వాటిలో తీగతో పనిచేసే గేర్ల రకం లేదు, బ్యాటరీతో నడిచే డీఐ2 ఒక్కటే ఉంది. అంతవరకు తీగ గేర్లున్న అల్టెగ్రా సైకిల్ మధ్యస్థ ధరలో బాగా నమ్మకమైన ఎంపిక. తర్వాతి మోడళ్ల జాబితాల్లో అది మాయమయ్యేసరికి కోపం ట్రెక్ మీద, జెయింట్ మీద, స్పెషలైజ్డ్ మీద పడింది. 2022లో వాటి కింది స్థాయి గ్రూప్‌సెట్ 105లో కూడా ముందుగా డీఐ2యే రావడంతో తీగ గేర్ల కథ ముగిసిందనుకున్నారు. కానీ 2023లో షిమానో పన్నెండు గేర్ల 105ను తీగ రకంలోనూ విడుదల చేసింది. రైడర్ల గోల వల్లే అలా జరిగిందని చెప్పడానికి ఆధారం లేదు. ఆ ధరలో అలాంటి సరుకుకి గిరాకీ ఉందన్నది మాత్రం స్పష్టం.

సైకిల్ కంపెనీల తప్పేమీ లేదని దీని అర్థం కాదు. గ్రూప్‌సెట్ మారగానే కొన్ని ఫ్రేముల్లో తీగ వెళ్లే దారే తీసేశారు. గేర్లు ఎవరివో అయినా ఫ్రేమ్‌కి రంధ్రం పెట్టాలా వద్దా అన్నది పూర్తిగా వారి నిర్ణయమే.

ఆరు మిల్లీమీటర్ల గొడవ

కొలత మారితే ఏమవుతుందో తెలియాలంటే మౌంటెన్ బైక్ వెనక చక్రాన్ని చూడాలి. చాలాకాలం పాటు వెనక చక్రం హబ్ (చక్రం నడుమ ఇరుసు పట్టే భాగం) వెడల్పు 135 మిల్లీమీటర్లు. తర్వాత లావు ఇరుసుతో 142 వచ్చింది. 2014లో ట్రెక్, స్రామ్ కలిసి 2015 మోడల్ రెమెడీ 29తో 148ని తెచ్చాయి. దానికి పెట్టిన పేరు బూస్ట్. 142 చక్రం కొని సరిగ్గా వాడకముందే ఇంకో ఆరు మిల్లీమీటర్లు పెరగడం చాలామందికి మోసంలా అనిపించింది. పాత ఫ్రేమ్‌లో కొత్త చక్రం పట్టదు, కొత్త ఫ్రేమ్‌లో పాత చక్రం నేరుగా కూర్చోదు. మంచి చక్రాల జత మీద పెట్టిన డబ్బు అక్కడే ఇరుక్కుపోయింది.

అయితే ఆ ఆరు మిల్లీమీటర్లు ఊరికే రాలేదు. 26 అంగుళాల చక్రాల స్థానంలో 29 అంగుళాలవి వచ్చాక స్పోక్స్ పొడవు పెరిగి చక్రం పక్కలకు ఊగడం ఎక్కువైంది. హబ్‌లో స్పోక్స్ తగిలించే రెండు అంచులను కాస్త దూరం జరిపితే స్పోక్స్ వాలు పెరిగి చక్రం గట్టిపడుతుంది. 135 నుంచి 142కి మారినప్పుడు ఆ అంచులు జరగలేదు, ఇరుసు కూర్చునే పద్ధతి మాత్రమే మారింది. బూస్ట్‌లో నిజంగా జరిగాయి. కాబట్టి తొక్కేవారికి లాభం ఉంది, పాత చక్రం ఉన్నవారికి నష్టమూ ఉంది. రెండూ నిజమైనప్పుడు వాదన తెగదు.

చక్రం సైజు మార్పు దెబ్బ ఇంకా పెద్దది. 26 అంగుళాల మౌంటెన్ బైక్ ఇప్పటికీ చక్కగా నడుస్తుంది. దానికి పై స్థాయి టైర్లు, ఫోర్క్‌లు మాత్రం ఏటా తగ్గిపోతూ వచ్చాయి. సైకిల్ పాడైపోయి కాదు, దానికి కావలసినవి చేయడం మానేసి పాతదైపోయింది.

తప్పని తేలిన భయాలు

చక్రం మధ్యలోని పళ్లేన్ని పట్టి ఆపే డిస్క్ బ్రేకుల మీద జరిగినంత యుద్ధం రోడ్ సైకిళ్ల చరిత్రలో మరోటి జరగలేదేమో. అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య యూసీఐ వాటిని పోటీల్లో ప్రయోగాత్మకంగా అనుమతించి, 2016 ఏప్రిల్‌లో పారిస్-రూబే రేసులో ఒక రైడర్ కాలికి లోతైన గాయమయ్యాక ఆపేసింది. ఆ గాయం డిస్క్ వల్లేనా కాదా అన్నది అప్పట్లో పెద్ద చర్చ. 2017లో ప్రయోగం మళ్లీ మొదలైంది, 2018లో పూర్తి అనుమతి వచ్చింది. 2019లో కూడా ఎగాన్ బెర్నాల్ చక్రం అంచును పట్టే పాత రిమ్ బ్రేకుల సైకిల్ మీదే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. ఇంకో రెండు మూడేళ్లకు పై స్థాయి కొత్త మోడళ్లలో రిమ్ బ్రేకులు దాదాపు కనిపించకుండా పోయాయి.

డిస్కు బరువెక్కువ, రిపేరు కష్టం అన్న వాదనలు ఇప్పటికీ నిజమే. అయినా కోపం చల్లారడానికి కారణం వేరు. రిమ్ బ్రేకు టైరును రెండు వైపులా కౌగిలించుకుని కూర్చుంటుంది కాబట్టి టైరు వెడల్పుకి అదే హద్దు. డిస్కు చక్రం మధ్యకి వెళ్లిపోవడంతో ఆ హద్దు తొలగింది. ఒకప్పుడు 23 మిల్లీమీటర్ల టైరు మీద తిరిగిన రేస్ సైకిళ్లు 28, 30 మిల్లీమీటర్లకు చేరాయి. వెడల్పు టైరు నెమ్మది అన్నది పాత నమ్మకం. ఒకే గాలి ఒత్తిడిలో వెడల్పు టైరు నేలను తాకే మచ్చ పొట్టిగా, అడ్డంగా ఉంటుంది, టైరు తక్కువ వంగుతుంది, ఆ మేరకు శక్తి తక్కువ వృథా అవుతుంది. పైగా గాలి కొంచెం తగ్గించుకోవచ్చు, గతుకుల రోడ్డు మీద కుదుపూ తగ్గుతుంది. నడుం నొప్పి తగ్గిన మనిషి బ్రేకు గురించి గొడవ పడడం మానేస్తాడు.

అక్షరాలా నిజమైన ఫిర్యాదులు

పెడల్ క్రాంకులు తిరిగే చోట, ఫ్రేమ్ అడుగున ఉండే బేరింగుల అమరిక బాటమ్ బ్రాకెట్. దశాబ్దాలుగా అది మరలతో బిగించేది. కానన్‌డేల్ 2000లో తెచ్చిన బీబీ30తో మరలు పోయి, బేరింగును నేరుగా ఫ్రేమ్‌లోకి నొక్కి కూర్చోబెట్టే పద్ధతి మొదలైంది. తర్వాత పీఎఫ్30, బీబీ86 అంటూ కుటుంబం పెరిగింది. బరువు తగ్గుతుంది, గట్టితనం పెరుగుతుంది అని చెప్పారు. అందులో నిజం లేకపోలేదు. కానీ కార్బన్ ఫ్రేమ్‌లోకి మరలున్న లోహపు గొట్టం అతికించే పని తప్పడం ఫ్యాక్టరీకి దక్కిన పెద్ద లాభం.

ఈ పద్ధతి పనిచేయాలంటే ఫ్రేమ్‌లోని రంధ్రం కచ్చితంగా గుండ్రంగా ఉండాలి, రెండు వైపుల రంధ్రాలూ ఒకే గీత మీద ఉండాలి. అచ్చులో చేసిన కార్బన్‌లో అంత కచ్చితత్వం ప్రతి ఫ్రేమ్‌కీ రాదు. వెంట్రుకవాసి తేడా ఉన్నా పెడల్ తొక్కిన ప్రతిసారీ బేరింగ్ కదిలి కిర్రుమంటుంది. ఆ కిర్రు కిర్రు శబ్దంతో వేగిన రైడర్లు ఏళ్ల తరబడి ప్రతి కొత్త మోడల్ దగ్గరా అడిగింది ఒక్కటే: మరలు ఎప్పుడు తిరిగొస్తాయి? పెద్ద మరలున్న టీ47 కొలత 2015లో వచ్చింది. 2020లో స్పెషలైజ్డ్ తన ప్రధాన రేస్ సైకిల్ టార్మాక్ ఎస్‌ఎల్7కి పాత మరల బ్రాకెట్టే పెట్టింది. వార్తా ప్రకటనల్లో అది చిన్న వాక్యం. రైడర్ల మాటల్లో మాత్రం సైకిల్ గాలిని ఎంత బాగా కోస్తుందో పరీక్షించే గాలి సొరంగం లెక్కలకు దీటుగా వినిపించింది.

ఇప్పుడు ఆ స్థానం తలభాగంలో దాచిన తీగలది. బ్రేకు పైపులూ గేరు తీగలూ బయట కనిపించకుండా హ్యాండిల్ కింద ఉండే హెడ్‌సెట్ బేరింగుల మధ్య నుంచి ఫ్రేమ్‌లోకి పంపుతున్నారు. చూడడానికి శుభ్రంగా ఉంటుంది, ఎదురుగాలి అడ్డు కూడా కాస్త తగ్గుతుంది. చిక్కంతా పై బేరింగ్ దగ్గర. చెమట, వాన నీరు దిగి ముందుగా అరిగేది అదే. ఒకప్పుడు కొద్దిపాటి పనితో మారిపోయే ఆ చిన్న బేరింగ్ కోసం ఇప్పుడు చాలా మోడళ్లలో బ్రేకు పైపు విప్పాలి, ఆయిల్ మళ్లీ నింపాలి, గాలి బుడగలు తీయాలి. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. రేస్ సైకిల్‌కి ఈ తలనొప్పి ఒప్పుకున్నా, ఎదురుగాలి అడ్డుతో పెద్దగా పనిలేని మౌంటెన్ బైకులకూ, రోజువారీ సైకిళ్లకూ దాన్ని తగిలించడానికి అందం తప్ప గట్టి కారణం కనిపించదు. ఈ ఫిర్యాదు కూడా బాటమ్ బ్రాకెట్ దారిలోనే వెళ్తుందని అనుకోవడానికి అవకాశం ఉంది.

కొక్కెం లేని రిమ్ముల సంగతి ఇంకా తేలలేదు. రిమ్ అంచున టైరును పట్టే చిన్న కొక్కెం తీసేస్తే కార్బన్ అచ్చు సులువవుతుంది. కానీ గాలి 5 బార్ దాటకూడదు, ఏ టైరు పడితే ఆ టైరు వేయకూడదు. 2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్‌లో ఒక రైడర్ పడిపోయి, టైరు రిమ్ నుంచి ఊడిన దృశ్యాలు కనిపించాక భద్రత మీద చర్చ మళ్లీ రగిలింది.

రెండు సైకిళ్లు ఒకటైతే

మోడళ్ల జాబితాలో కొత్తగా ఏం వచ్చిందన్న దానికంటే ఏం పోయిందన్నది కొన్నిసార్లు ఎక్కువ చెబుతుంది. 2020లో టార్మాక్ ఎస్‌ఎల్7 రావడంతో స్పెషలైజ్డ్ గాలిని కోసుకుపోయేలా చేసిన వెంజ్‌ను ఆపేసింది. 2024లో ట్రెక్ మడోన్ జెన్ 8 తెచ్చి, తేలికైన ఎమోండాను దానిలో కలిపేసింది.

దీని వెనక ఉన్న తర్కం యూసీఐ నియమంలో ఉంది. 2000 నుంచి రేస్ సైకిల్ 6.8 కిలోల కంటే తేలికగా ఉండకూడదు. తేలిక సైకిళ్లు ఆ గీతను ఎప్పుడో తాకాయి. గాలిని కోసే సైకిళ్లు కూడా దాని దగ్గరికి వచ్చేశాక రెండు వేర్వేరు ఫ్రేములు ఎందుకన్నది సహజమైన ప్రశ్న. కంపెనీకి అచ్చులు సగమవుతాయి, స్టాకూ తగ్గుతుంది. రేస్‌తో పనిలేక కేవలం కొండలెక్కే సరదా ఉన్నవారికి మాత్రం తమ సైకిల్ పోయింది. 2020లోనే వచ్చిన స్పెషలైజ్డ్ ఏథోస్‌కి మంచి ఆదరణ దక్కింది ఇందుకే. గుండ్రటి గొట్టాలు, 600 గ్రాముల లోపు ఫ్రేమ్, రేసుల ఊసే లేదు.

మడోన్ జెన్ 8 విషయంలో ఇంకో మార్పు జరిగింది. సైజులు ఎనిమిది నుంచి ఆరుకి తగ్గాయి, పేర్లూ చొక్కాల సైజుల్లా మారాయి. రెండు సైజుల మధ్య కొలతలున్న మనిషికి ఇది రంగు కంటే, బరువు కంటే ముఖ్యమైన వార్త. హ్యాండిల్, దాన్ని పట్టే స్టెమ్ ఒకే ముక్కగా వచ్చే సైకిల్ అయితే సర్దుబాటుకి ఇంకా తక్కువ చోటు మిగులుతుంది.

ధర దగ్గర నమ్మకం ఎందుకు పోయింది

ధర మీద వచ్చే స్పందన ఇప్పుడు ఇంత ఘాటుగా ఉండడానికి 2020 తర్వాతి పరిణామాలే కారణం. కోవిడ్ రోజుల్లో సైకిళ్లకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. విడిభాగాల కోసం ఎదురుచూపులు నెలలు దాటాయి. సరుకు అందదన్న టెన్షన్‌తో కంపెనీలు, డీలర్లు అవసరానికి మించి ఆర్డర్లు ఇచ్చారు. ఆ సరుకంతా 2022లో చేరేసరికి కొనేవారు తగ్గిపోయారు. 2023లో షిమానో అమ్మకాలు అంతకుముందు ఏడాదితో పోలిస్తే దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. బ్రిటన్‌లోని పెద్ద ఆన్‌లైన్ విక్రేత విగిల్ అదే ఏడాది అక్టోబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. గోడౌన్లు ఖాళీ చేయడానికి భారీ తగ్గింపులు నడిచాయి.

పూర్తి ధర పెట్టి కొన్నవారు అదే సైకిల్‌ని బాగా తక్కువకు అమ్మడం చూశారు. ఒకసారి అది చూశాక కొత్త మోడల్ మీద రాసిన ధరను ఎవరూ ధరగా చూడరు, బేరం మొదలయ్యే అంకెగా చూస్తారు. పాత మోడల్ తగ్గింపులో దొరుకుతుండగా కొత్తది ఇంకా ఎక్కువ ధరకు రావడం ఆ అనుమానాన్ని గట్టిపరిచింది.

విడిభాగాల పట్టికను భూతద్దం పెట్టి చదివే అలవాటు మాత్రం కోవిడ్ కంటే చాలా పాతది. కళ్లకు కనిపించే వెనక డిరైలర్ (చైన్‌ను ఒక గేరు నుంచి ఇంకోదానికి జరిపేది) ఒక్కటి పై స్థాయిది పెట్టి, చైన్, కాసెట్ (వెనక గేరు పళ్ల చక్రాల కట్ట), హబ్‌లు, బ్రేకులు కింది స్థాయివి సర్దడం పాత చిట్కా. ధర మారకుండా ఉన్న ఏడాదిలోనే దీన్ని ఎక్కువగా వెతకాలి. ధర పెరిగితే అందరికీ కనిపిస్తుంది, హబ్ మారితే ఆరు నెలల తర్వాతే తెలుస్తుంది.

ఒక చిన్న ముక్క రెండు ముఖాలు

రాబోయే మోడళ్ల గురించి అంచనా వేయాలంటే డిరైలర్ హ్యాంగర్ చూస్తే చాలు. వెనక గేరును ఫ్రేమ్‌కి తగిలించే చిన్న లోహపు ముక్క అది. సైకిల్ కింద పడితే ఖరీదైన ఫ్రేమ్ బదులు తాను వంగడం దాని పని. ఒక్కో కంపెనీ, ఒక్కో మోడల్‌కి ఒక్కో ఆకారంలో చేయడంతో అవి వందల రకాలయ్యాయి. ప్రయాణంలో విరిగితే సరైనది దొరకడం గగనం. 2019లో స్రామ్ అందరికీ ఒకే హ్యాంగర్ అంటూ యూడీహెచ్ (యూనివర్సల్ డిరైలర్ హ్యాంగర్)ను తెచ్చి, ఇతర కంపెనీలనూ వాడుకోనిచ్చింది. కొలతల విషయంలో రైడర్లు చప్పట్లు కొట్టిన అరుదైన సందర్భాల్లో అది ఒకటి. కొత్త ఫ్రేమ్ ప్రకటించగానే యూడీహెచ్ ఉందా అని అడగడం అలవాటైంది.

2023 మార్చిలో స్రామ్ ట్రాన్స్‌మిషన్ అనే కొత్త గేర్లను విడుదల చేసింది. వాటికి హ్యాంగరే అక్కర్లేదు, డిరైలర్ నేరుగా ఫ్రేమ్‌కి బిగుస్తుంది. అయితే ఆ ఫ్రేమ్ యూడీహెచ్ కొలతలది అయి తీరాలి. నాలుగేళ్లుగా ఫ్రేమ్ కంపెనీలు రైడర్ల మేలు కోసం చేసుకున్న ఏర్పాటు అప్పటికే స్రామ్ గేర్ల కోసం సిద్ధమైన చోటుగా మారింది. యూడీహెచ్ ఫ్రేమ్ ఉన్నవారికి విడి హ్యాంగర్ తేలిగ్గా దొరుకుతోంది, ఆ మాటలో మార్పు లేదు. అంతకుముందు ఫ్రేమ్ కొన్నవారు మాత్రం ఆ గేర్లు కావాలంటే సైకిలే మార్చుకోవాలి.